బూడిదతో తోమిన సీసాలు

అరకు లోయలో సర్కారు ప్రయోగ క్షేత్రానికి నేను పనికి వెళ్ళేనాటికి మన్యంలో పితూరీ చల్లారి ఎంతో కాలం కాలేదు. క్షేత్రమంటే పెద్దదేమీ కాదు. ఎర్రమట్టి వాలులో చదును చేసిన మడిచెక్కలు, ఒక పెంకుటి బంగళా, దాని వెనక మునుపెవరో దొర కాఫీ గింజలు ఆరబోసుకున్న పాక. ఆ పాకకు గోడలు లేపి, బల్లలు వేసి, ప్రయోగశాల అని పేరు పెట్టారు. వానాకాలంలో పొగమంచు కిటికీలోంచి లోపలికి వచ్చి బల్లల మీద కూర్చునేది. సీసాల మీద అంటించిన చీటీలు ఊడిపోయేవి.

కొండ నేలల్లో పంటకు అందే భాస్వరం ఎంతుందో తేల్చడం మా పని. మట్టిలో ఉన్న భాస్వరమంతా మొక్కకు దక్కదు. వేరు దగ్గర ఊరే కొద్దిపాటి పులుపుకు ఎంత కరిగితే అంతే దక్కుతుందని అప్పటి శాస్త్రం. అందుకని ఎండబెట్టి జల్లించిన మట్టిని నిమ్మఉప్పు ద్రావకంలో, అంటే పలచటి సిట్రిక్ ఆసిడ్‌లో వేసి, వారం రోజులు పూటపూటకీ సీసాలు కుదుపుతూ ఉంచేవాళ్ళం. తర్వాత వడగట్టి, ఇగరబెట్టి, నత్రికామ్లంలో కలిపి, మాలిబ్డేట్ అనే మందు పోసి వెచ్చచేస్తే, భాస్వరం ఉన్నమేరకు పసుపుపచ్చటి గసి అడుగుకి దిగేది. కార్తీకంలో లోయంతా పూసే వలిసె పువ్వు రంగు అది. ఆ పచ్చటి గసిని కొలిస్తే భాస్వరం కొలిచినట్టే. దీంతోపాటు ప్రతిసారీ ఒక సీసాలో మట్టి వెయ్యకుండా మిగతా మందులన్నీ పోసి చూడాలి. దాన్ని బ్లాంకు అనేవాళ్ళం. బ్లాంకు తేటగా ఉంటేనే మిగతావాటి లెక్క నమ్మాలి.

ప్రయోగశాలలో మేము ముగ్గురమే. ఆఫీసరుగారు దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తెలుగు మాట్లాడేవారు గాని తూచినట్టు, అవసరమైనంతే మాట్లాడేవారు. ఆయన కింద పెద్ద సహాయకుడు ఒకాయన. గోదావరి జిల్లా బ్రాహ్మణుడు, నడివయసు దాటినవాడు. ఆయన్ని అందరం పంతులుగారు అనేవాళ్ళం. ఆయన కింద నేను.

పని నేర్పింది పంతులుగారే. మిషన్ స్కూల్లోనూ, ఆ తర్వాత కాలేజీలోనూ నేను చదివిన రసాయనశాస్త్రం పుస్తకాల్లోది. చేతికి రాలేదు. తూనిక దగ్గర ఊపిరి బిగబట్టడం, గసిని కాయితం మీద చెదరకుండా కడగడం, గసిని క్షారంలో కరిగించి ఆమ్లం పోస్తుంటే గులాబిరంగు పోయే ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆపడం ఆయన పక్కన నిలబడి నేర్పారు. పిపెట్‌తో ద్రావకం పీల్చడం నాకు రాక నోట్లోకి వచ్చేస్తే, ఆయనే అది నా చేతిలోంచి తీసుకుని, తన ఉత్తరీయం కొసతో తుడిచి, నోట పెట్టుకుని, "ఇదిగో, నాలిక అడ్డం పెట్టు, ఇలాగ," అని చూపించారు. ఆయన స్వయంపాకి. ఎవరి చేతా తినరు. అది అందరి విషయంలోనూ అంతే గనక నాకు గుచ్చుకోలేదు.

నేను కిరస్తానీనని వాళ్ళకి తెలుసు. ఏ కులంలోంచి ఆ మతంలో కలిశామో అడగలేదు. నా కోటూ బూట్లూ, నా ఇంగ్లీషూ చూసి ఏ రైతు కుటుంబమో అనుకుని ఉంటారు. నేను చెప్పలేదు.

ఆ ఏడు ఘాటీ కింద ఊళ్ళలో పశువులకు జాడ్యం తగిలి మందలకు మందలు పోయాయి. మా ఆఫీసరుగారికి అదొక అవకాశంగా కనిపించింది. ఎముకల్లో భాస్వరం దండిగా ఉంటుంది. కొన్ని మళ్ళకు ఎముకల పొడి వేసి, కొన్నిటికి వెయ్యకుండా చోడి, అదే రాగి, పండించి, రెండు రకాల మట్టినీ పరీక్షించి చూడాలని సంకల్పించారు. శృంగవరపుకోటలో ఎముకలు కొని రేవుకు పంపే వర్తకుడికి కబురు పెట్టారు.

ఒక తుప్పర పూట బండి వచ్చింది. వాసన ముందు వచ్చింది. ఆఫీసరుగారు వరండాలోకి వచ్చారు. పంతులుగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను వాళ్ళ పక్కన ఉన్నాను. బండి మీంచి గంపలు దించుతున్న మనిషి గోనెసంచి కొప్పెర తీసి ముఖం తుడుచుకున్నాడు. మా అయ్య.

చచ్చిన గొడ్డుని ఊరవతలికి లాగడం, తోలు తియ్యడం, ఎముకలు ఏరి వర్తకుడికి వెయ్యడం మా అయ్య పని, మా తాత పని. ఆ పనిమీద తిన్న తిండితోనే నేను బడికి వెళ్ళాను. నేను అరకులో సర్కారు తోటలో ఉన్నానని అయ్యకు తెలుసు. ఘాటీ ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోకపోతే నన్ను చూసినట్టుంటుందని తనే ముందుకి వచ్చాడని తర్వాత చెప్పాడు.

ఆఫీసరుగారు నాతో, "ఇంకా దొరుకుతాయేమో అడుగు," అన్నారు.

నేను నోరు తెరిచేలోపు అయ్య చేతులు కట్టుకుని తల వంచాడు. "కొత్త బాబునాగున్నారు తవరు. ఎన్ని కావాలంటే అన్ని తెత్తాను బాబూ," అన్నాడు నాతో.

అయ్య నన్నెప్పుడూ బాబూ అనలేదు. గుంటడా అనేవాడు. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత ఆయన కళ్ళు నా బూట్లు దాటి పైకి రాకపోవడం చూసి అర్థమైంది. నా కొలువు కాపాడటానికి నన్నెరగనట్టు నిలబడ్డాడు. ఆ క్షణంలో నా ఒళ్ళంతా తేలికపడిన మాట నిజం. ఆ తేలికకే ఆ వెంటనే చెమట పట్టింది. వరండా మెట్లు దిగి వానలోకి వెళ్ళి, "ఈయన మా అయ్యండీ," అన్నాను గట్టిగా.

"కాదు బాబూ," అన్నాడు అయ్య కంగారుగా ఆఫీసరుగారి వైపు తిరిగి. "ఈ బాబు మరెవుల్నో అనుకుంతన్నారు. నానెవుల్ని, ఆరెవులు."

"అవునా, కాదా?" అన్నారు ఆఫీసరుగారు విసుగ్గా.

అయ్య తిరిగి భుజానికెత్తుకున్న గంప పట్టుకుని నేను దించబోయాను. ఆయన వదలలేదు. ఇద్దరం కాసేపు అలా గుంజుకున్నాం. చివరికి గంప అంచు విరిగి ఎముకలు బురదలో పడ్డాయి. ఇద్దరం వంగి ఏరాం. అందరూ చూస్తున్నారు. "ఎందుకన్నావురా గుంటడా," అన్నాడు అయ్య, నాకు మాత్రమే వినపడేలా. తలెత్తి చూస్తే గుమ్మంలో పంతులుగారు లేరు.

 మర్నాడు పంతులుగారు ఎప్పటిలాగే, "ఏమోయ్, పదహారో మడి మట్టి జల్లించావా?" అని అడిగారు. తూనిక దగ్గర ఎప్పటిలాగే పక్కన నిలబడ్డారు. కాకపోతే పక్క అంటే ఇప్పుడు మధ్యన ఇంకో మనిషి పట్టేంత దూరం. పిపెట్ మాత్రం మళ్ళీ నా చేతిలోంచి తీసుకోలేదు. పొరపాటు జరిగితే నోటితో చెప్పేవారు. అంతవరకేనని సంతోషించాను. సంతోషించినందుకు ఇప్పటికీ నామీద నాకు రోత.

చోడి మోకాలెత్తుకి వచ్చేసరికి ఎముకల పొడి వేసిన మళ్ళు ముదురాకుపచ్చగా, తక్కినవి వెలవెలబోతూ, దారిన పోయేవాళ్ళకు కూడా తేడా తెలిసేలా ఉన్నాయి. మట్టి తెచ్చి పరీక్ష పెట్టాం. పొడి వేసిన మట్టిలోనూ పచ్చటి గసి, వెయ్యని మట్టిలోనూ పచ్చటి గసి. తేడా అంతంతమాత్రం. ఆఫీసరుగారు బ్లాంకు ఎత్తి వెలుతురుకి పట్టారు. మట్టే లేని సీసా. అందులోనూ అడుగున వలిసె పువ్వు.

"ఇది ఎవరు చేశారు?"

"నేనేనండీ," అన్నాను.

మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ అంతే. సిట్రిక్ ఆసిడ్ కల్తీ అనుకుని కొత్త డబ్బా విప్పించారు. మాలిబ్డేట్ మళ్ళీ కలిపించారు. నీళ్ళు మళ్ళీ బట్టీ పట్టించారు. బ్లాంకు తేటపడలేదు. ఒక్కోసారి కాస్త తగ్గేది, ఒక్కోసారి మరీ చిక్కగా దిగేది. ఆయన నా గోళ్ళు చూశారు, నా కోటు చేతులు చూశారు. "ఎముకలు పొడి కొట్టే పాకలోకి వెళ్ళి చేతులు కడుక్కోకుండా వస్తున్నావా?" అని అడిగారు.  మా అయ్య పని నా చేతులకి అంటుకుని సీసాల్లోకి దిగుతోందా అని నేనే అనుమానపడ్డాను. రోజూ మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకునేవాణ్ణి. చర్మం పగిలింది.

ఆ రోజుల్లో ఒకటి గమనించాను. సాయంత్రం కడిగి స్టాండులో బోర్లించిన సీసాలు పొద్దున్నకి ఆరి ఉండాలి. నేను వచ్చేసరికి తడిగా ఉండేవి. పంతులుగారు మరోసారి కడిగి ఉంటారు, జాగ్రత్త గల మనిషి, అనుకున్నాను.

వారం రోజులకని ద్రావకంలో నానుతున్న సీసాలను కుదపడానికి ఒక పొద్దున్న ముందుగా బయల్దేరాను. పొగమంచు ఇంకా తేలలేదు. పాక వెనక పారే గెడ్డ దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. తడిసిన అడ్డపంచెతో పంతులుగారు. ఆయన ముందు పొయ్యి బూడిద కుప్ప, పక్కన గడ్డిపీచు. వాళ్ళ ఇళ్ళలో అంటుపడిన గిన్నె తోమినట్టు, నేను ముందురోజు వాడిన సీసాలు ఒక్కొక్కటీ బూడిదేసి లోపలా బయటా తోముతున్నారు. తోమి, గెడ్డలో ముంచి, పెదవులు కదుపుతూ ఏదో చదివి పక్కన పెడుతున్నారు.

నేను తుప్ప చాటుకి తప్పుకున్నాను. నేనెందుకు దాక్కున్నానో నాకు తెలియదు. పట్టుబడ్డవాణ్ణి నేనే అనిపించింది. ఆయనకు వణుకుగా ఉంది, నీళ్ళు చల్లగా ఉండి ఉంటాయి. ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఇంత వయసు మనిషిని నా పుట్టుక ఇలా గెడ్డలో కూర్చోబెట్టిందే అని సిగ్గేసింది.

బూడిదలో భాస్వరం ఉంటుంది. పోడు కొట్టి కాల్చిన కొండ మొదటేడు బాగా పండేది కొంత అందుకే. గాజు గరుకులో ఇరుక్కున్న బూడిద గెడ్డ నీళ్ళకు పోదు. వారం రోజులు పులుపులో నానితే నిదానంగా కరుగుతుంది. ఆ సంగతి ఆఫీసరుగారికెంత తెలుసో పంతులుగారికీ అంతే తెలుసు. తెలిసి కూడా తోముతున్నారంటే, కడిగేది వేరే ఏదో గనక ఇక్కడి బూడిద ఆయన కంటబడలేదు. మైల పోవడం ఒక్కటే చూశారు.

చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పాలంటే నా గురించే చెప్పాలి.  దానికి బదులు రోజూ ఎవరూ చూడకుండా సీసాలన్నీ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, బట్టీ నీళ్ళతో జాడించి అప్పుడు వాడసాగాను. బ్లాంకు తేటపడింది. ఆఫీసరుగారి ముఖం విప్పారింది. కానీ ఆమ్లం కూజా చూస్తుండగానే ఖాళీ అయింది. ఘాటీ కింద నుంచి అది రావాలంటే నెలలు పడుతుంది.

ఒక మధ్యాహ్నం ఆఫీసరుగారు కూజా ఎత్తి ఊపి చూసి మమ్మల్ని పిలిచారు. "దీన్ని ఎవరు తీశారు? సంతలో కంసాళ్ళకి దీనితో పనుంటుందని నాకు తెలుసు." నా వైపే చూస్తున్నారు.

"సీసాలు కడగడానికి వాడానండీ," అన్నాను.

"సీసాలు నీళ్ళతో కడుగుతారు."

నేను నేలవైపు చూశాను. "బూడిద అంటి ఉంటోందండీ."

"బూడిదా? బూడిదతో తోమినదెవరు?"

 పక్కన పంతులుగారి ఊపిరి వినపడుతోంది. దొంగనన్న మాట మోసినా ఫరవాలేదు, ఈ గదిలోంచి బయటపడితే చాలనిపించింది. అప్పుడాయన అన్నారు, "నేనండి."

"మీరా? మీకు తెలియదా?"

"తెలుసు."

"మరెందుకు?"

పంతులుగారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడిచారు. చాలాసేపు తుడిచారు. "అతను ముట్టుకున్నవి మడికి పనికిరావు కదండీ," అన్నారు. ఆ గొంతు ఆయనది కాదు. తప్పు చేసి గోడకుర్చీ వేసిన పిల్లవాడిది.

ఆఫీసరుగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. ఇద్దరం తలలు దించుకుని నిలబడ్డాం. తర్వాత ఆయన తనకు తోచిన న్యాయం చేశారు. సీసాలూ గరాటులూ పిపెట్లూ రెండు వాటాలు వేయించి, నా వాటాకి ఎర్ర రంగు గీత పెట్టించారు. విడి అర, విడి బల్ల. "ఎవరివి వాళ్ళు కడుక్కోండి. బూడిద మాట ఇంక వినపడకూడదు," అన్నారు. ఆయన దృష్టిలో అది గాజుసామాను సమస్య, పరిష్కారమైపోయింది. నాకు మాత్రం ఆ గీత గీస్తున్నంతసేపూ నా నుదుటిమీద గీస్తున్నట్టే ఉంది. లోపల్లోపల ఉన్నది ఆనాటి నుంచి అరలోకెక్కి అందరికీ కనపడింది.

ఆ సాయంత్రం పంతులుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. "నీ పనిలో లోపం లేదోయ్. చెడగొట్టింది నేను," అన్నారు. ఇంకేదో అనబోయి, "రేపటికి పదో మడి వడగట్టాలి," అని వెళ్ళిపోయారు. అంతకన్న ఆయన చెయ్యగలిగింది లేదు. 

ఎర్ర గీత సీసాల్లో లెక్కలు నిలకడగా వచ్చాయి. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఎముకల పొడి వేసిన మళ్ళలో చోడి రెట్టింపు ఎదిగినా, పులుపుకు కరిగే భాస్వరం పెద్దగా పెరగలేదు. మా ఎర్రమట్టిలోని ఇనుము భాస్వరాన్ని పట్టుకుని ఆ పలచటి పులుపుకు వదలడం లేదు. మొక్క వేరు మాత్రం ఎలాగో లాక్కుంటోంది. మైదానపు నల్లమట్టికి సరిపోయిన పద్ధతి కొండమట్టికి సరిపోదని ఆఫీసరుగారు పైకి రాశారు. ఆ కాయితంలో పంతులుగారి పేరుంది, నా పేరు లేదు. ఉండాలని అడగలేదు.

రెండో విడత ఎముకలతో అయ్య వచ్చినప్పుడు ప్రయోగశాలలోకి రమ్మన్నాను. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "నా కాల్లు సూడు, ఎలగున్నాయో," అన్నాడు. లాగినా రాలేదు. ఎముకల పొడి కరిగించి పచ్చటి గసి దింపి, సీసా వరండాలోకే తెచ్చి చూపించాను.

"ఇది నాను తెచ్చినదాన్లోదేనేటి?"

"అవునయ్యా. ఇదే చేనుకి బలం."

తల వాల్చి చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు. ఆయన చూపు సీసా మెడ మీది ఎర్ర గీత దగ్గర ఆగింది. లోపల బల్ల మీది సీసాలకి ఆ గీత లేకపోవడమూ చూశాడు. అయ్యకు చదువు రాదు గాని గుర్తులు తెలుసు. "నాను రాపోతే బాగున్ను," అన్నాడు.

"అదేం మాట," అన్నాను.  చీకటి పడకముందే ఘాటీ దిగిపోవాలని తొందరగా బండి కట్టుకున్నాడు.

ఆ డిసెంబరులో సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. క్రిస్మస్ ఆరాధన అయ్యాక గుడి ముందు ఆడవాళ్ళు మా అమ్మ చుట్టూ చేరారు. అమ్మ నా కోటు మీద చెయ్యి వేసి చెబుతోంది. "ఆల్లయ్య ఎల్లి కల్లారా సూసొచ్చినాడు. ఆపీసరుతోటీ, బేపనోరితోటీ ఒకే బల్ల మీద కూకుని బోయినాలంట. మా గుంటడికి ఎర్రగీత ఏసిన గాజు సామానంతా ఇడిగా ఇచ్చీసినారంట, ఇంకెవులూ ముట్టుకోకూడదంట. అంత మరేదంట."

ఆడవాళ్ళు నన్ను తేరిపార చూశారు. "నిజమేనేటి బాబూ?" అని అడిగింది ఒక ముసలామె.

అయ్య కాస్త దూరంలో చెట్టు మొదట్లో కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. అగ్గిపుల్ల ఆరిపోయింది. ఇంకొకటి గీశాడు, అదీ ఆరిపోయింది. మావైపు మాత్రం చూడలేదు.

"నిజమే అత్తా," అన్నాను.